చోదకుడు లేని కారు – నిర్మాతల పూచీ

(గండికోటలో చేసిన స్మారకోపన్యాసము)



ఈ ధర్మనిధిని నెలకొల్పిన కుటుంబమువారు ఉపన్యాసవిషయమును నా యిష్టమునకే విడిచి, అది ఈ సీమకు పనికివచ్చునదిగా మాత్రము ఉండవలెనని కోరిరి. ఎవరి స్మృత్యర్థము మనమిచట కూడితిమో ఆ యుపాధ్యాయులు జమ్మలమడుగులో భౌతికశాస్త్రము బోధించుచు, యంత్రమేదియైనను విప్పి లోపలి కీళ్ళను పిల్లలకు చూపనిదే పాఠము ముగించెడివారు కారు. వారి పేర జరుగు సభలో యంత్రమునుగూర్చి మాటాడుటయే తగునని తలచి, చోదకుడు లేక తనంతట తాను నడచు కారును ఒక సాంకేతిక సంస్థ నిర్మింపబూనుట యుక్తమా యను ప్రశ్నను ఎంచుకొంటిని.

ఈ ప్రశ్న కాలిఫోర్నియాకు చెందినదే గాని పెన్నయొడ్డున నున్న మనకు దీనితో నేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. దానికి జవాబు ఈ గండికోట దారియే చెప్పును. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియె, అప్పటికి ఈ కోటను జయించి యిచట విడిసియున్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను చూడవచ్చి, ఇచటికి ఎక్కివచ్చు దారిని తన యాత్రాగ్రంథమున శ్రద్ధగా వర్ణించెను. కొండను తొలిచిన ఆ యొక్క త్రోవ వెడల్పు 20, 25 అడుగులకు మించదనియు, కొన్నియెడల 7, 8 అడుగులే యనియు, ఒకప్రక్క భయంకరమైన అగాధమనియు, దాని యడుగున నది యనియు వ్రాసెను. అట్టి దారి నెక్కువాడు తన ప్రాణమును బోయీల పాదములకో గుఱ్ఱపు గిట్టలకో అప్పగించి యెక్కవలసినదే. నేడు జమ్మలమడుగునుండి తారుబాట యున్నది. ఆదివారము వచ్చినచో బెంగుళూరు, హైదరాబాదు కార్లు కోటలోపలికి వచ్చి నిలుచుచున్నవి. దారి మారినను, మనకు పరిచయము లేని ఒకని చేతికి, కంటికి, నిద్రకు మన ప్రాణము నొప్పగించుట మారలేదు. ఆ యొప్పగింత ఇకమీదట మనుష్యునికి గాక ఒక సంస్థకు చేయవలసివచ్చినచో ఆ సంస్థ యెట్టిదై యుండవలెనన్నదే విచారణీయము. ఇది పులివెందులనుండి చీనీకాయల లోడుతో రాత్రివేళ బయలుదేరు లారీ డ్రైవరుకును, ప్రొద్దుటూరు బస్టాండు ముందర రోడ్డు దాటు ముసలమ్మకును తగులు ప్రశ్నయే.

ముందుగా ఈ విద్య యెచట పుట్టినదో చెప్పవలెను. ఏలయన దాని పుట్టుకలోనే నా వాదమునకు సగము ఆధారమున్నది. ఇది వ్యాపారుల కర్మాగారములలో పుట్టినది కాదు. దాని చరిత్రలో ఒక రాయలసీమ బిడ్డ పేరు చెప్పక ముందుకు సాగుటకు వీలు లేదు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, మద్రాసు గిండీ కళాశాలలో ఇంజనీరింగు చదివి, స్టాన్‌ఫర్డులో కృత్రిమమేధావిద్య పండితుడు జాన్ మెకార్తీ యొద్ద 1966లో డాక్టరు పట్టము పొందిన రాజ్ రెడ్డిగారు, 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున స్థాపితమైన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూటునకు తొలి డైరెక్టరైరి. వారి స్వీయపరిశోధన మాటలను యంత్రము గుర్తుపట్టునట్లు చేయుటనుగూర్చినది. కాని వారి నేతృత్వమున పెరిగిన ఆ సంస్థలోనే, అమెరికా రక్షణశాఖవారి పరిశోధనవిభాగమైన డార్పా ధనసహాయముతో, నావ్‌ల్యాబ్ అను పేర తనంతట తాను దారి చూచుకొను బండ్లు తయారైనవి. 1995లో ఆ శ్రేణిలోని అయిదవ బండి పిట్స్‌బర్గునుండి శాన్‌డియేగో వరకు సుమారు 2,850 మైళ్ళు పయనింపగా, అందు నూటికి 98 పాళ్ళ దూరము స్టీరింగును యంత్రమే త్రిప్పెను; యాక్సిలరేటరు, బ్రేకు మాత్రము మనుష్యుల పాదములక్రిందనే యుండెను. పిదప 2004లో డార్పావారు మొజావే యెడారిలో పందెము పెట్టిరి. ఒక్క బండియు 8 మైళ్ళు దాటలేదు. మరుసటి యేట స్టాన్‌ఫర్డువారి బండి ఆ పందెము గెలిచెను. 2007లో పట్టణపు వీధుల పోలికగా కట్టిన దారులలో కార్నెగీ మెలన్‌వారి బండి గెలిచెను. గూగుల్ సంస్థ ఈ పనికి దిగినది 2009లో మాత్రమే. ఊబర్ సంస్థ 2015లో కార్నెగీ మెలన్‌వారి జాతీయ రోబోటిక్స్ కేంద్రమునుండి ఒక్కసారిగా 40 మందివరకు పరిశోధకులను తనవైపునకు త్రిప్పుకొనెను.

ఇంత వివరముగా చెప్పుటకు కారణము కలదు. ప్రజల పన్నులతో, విశ్వవిద్యాలయముల ఓర్పుతో పాతికేండ్లు పెరిగిన విద్యను తుదిదశలో చేపట్టి సరకుగా మార్చిన సంస్థ, ఆ విద్యకు ధర్మకర్త యగునే గాని సర్వాధికారి కాజాలదు. 'మా యంత్రపు గుట్టు మాది. మా ప్రమాదముల లెక్క మాది' యని పలుకు హక్కు దానికి లేదని నా దృఢాభిప్రాయము. ఈ యభిప్రాయమే నేటి నా ఉపన్యాసమంతటికి వెన్నెముక.

నిర్మింపనే వలదనువారితో నేనేకీభవింపను. 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. ప్రభుత్వమువారి యీ లెక్కను చదివిన మరునాడును మనము అన్నము తినగలుగుచున్నామన్న, అలవాటు మన హృదయముల నెంత మొద్దుబార్చినదో తెలియుచున్నది. ఆ మరణములలో అత్యధికభాగమునకు అతివేగమే హేతువని ఆ నివేదికయే చెప్పుచున్నది. యంత్రము త్రాగదు; కునుకు తీయదు; సెల్లుఫోను చూడదు; ముందు పోవు బస్సుపై పంతము పట్టదు. మరణించువారిలో పదవ వంతునైనను తగ్గింపగల విద్యను చేతిలో నుంచుకొని ముడుచుకొని కూర్చుండుట ధర్మము కాదు.

అయినను ఆ లెక్కను ఇంకొకమాఱు చూడవలెను. మృతులలో నూటికి 44 మంది ద్విచక్రవాహనములపై పోవువారు; 19 మంది కాలినడకవారు. కారులో కూర్చుండువాని క్షేమముకొఱకై ఎంత తెలివియైన కారు చేసినను, మన దేశమున చచ్చువారు ఎక్కువగా ఆ కారు వెలుపలనే యున్నారు. అందుచేత ఈ నేలపై ఈ విద్యకు ప్రథమపరీక్ష, లోపలి ప్రయాణికుని యెంత సుఖముగా చేర్చినదన్నది కాదు. హెల్మెట్టు లేక భార్యాబిడ్డలను ఎక్కించుకొని అడ్డముగా వచ్చిన మోటారుసైకిలువానిని అది యెట్లు చూచినదన్నది.

ఈ 'చూచుట' యెట్టిదో కొంత విప్పి చెప్పెదను. కారు నెత్తిన, ప్రక్కల అమర్చిన లైడార్ అను పరికరము సెకనుకు లక్షలకొలది కాంతిస్పందనములను నలుదెసలకు వెదజల్లి, అవి తగిలి మరలివచ్చిన కాలమునుబట్టి యెదుటి వస్తువుల దూరమును కొలుచును. రాడార్ వాటి వేగమును పట్టును. కెమెరాలు రంగును, ఆకారమును పట్టును. ముందే గీచి పెట్టిన సూక్ష్మమైన పటముతో ఈ వార్తలన్నిటిని సరిచూచి, ఎదుటనున్నది మనిషియో, ఆవో, ఆటోయో నిర్ణయించి, అది మరుక్షణమున ఎటు కదలునో యూహించి, పిదప యంత్రము చక్రమును త్రిప్పును. ఇందు కష్టమైనది కొలుచుట కాదు, ఊహించుట. ఊహకు ఆధారము ఇదివరకు చూచిన దృశ్యములు. అమెరికాలోని ఫీనిక్స్ నగరపు తిన్నని వీధులలో కోట్లకొలది దృశ్యములు చూచి నేర్చిన యంత్రము, జమ్మలమడుగు ప్రక్కపల్లెల రోడ్డుపైకి నూర్పిడి దినములలో వచ్చినదనుకొనుడు. రోడ్డులో సగము మేర కొర్రకంకులు పరచియుండును. పోవు బండ్ల చక్రములే వాటిని నూర్చును. పంట చెదరకుండుటకై అంచున వరుసగా రాళ్ళో ముండ్లకంపయో పెట్టియుందురు. ఒక స్త్రీ వీపు మనవైపు త్రిప్పి చేటతో తూర్పారబట్టుచుండును. మన డ్రైవరు రెండవ గేరులోనికి వచ్చి, ఆ రాళ్ళు అడ్డంకియా, హద్దా యని యాలోచింపనైన ఆలోచింపక, కంకులమీదుగా పోనిచ్చును. ఆమె తొలగదని అతనికి తెలియును, అతడు తాకడని ఆమెకు తెలియును. వారిద్దరి నడుమ నున్న ఈ యొడంబడిక ఏ పటమునను లేదు.

లారీ ప్రపంచమంతయు నిట్టి సైగలతోనే నడచుచున్నది. యర్రగుంట్ల వద్ద బండలు నింపుకొన్న లారీ ఇరుకుసందున వెనుకకు వచ్చునపుడు, క్లీనరు డొక్కమీద అరచేత కొట్టుచు "రానీ, రానీ... కుడికి కొట్టన్నా... ఆపు!" అని పలికిన పలుకే డ్రైవరుకు వెనుకకన్ను. ఎదురుబండి లైటు రెండుమార్లు ఆర్పి వెలిగించినచో దాని యర్థము వేళనుబట్టి, చోటునుబట్టి మారును. ఇవన్నియు మొరటుతనములని తోసివైచి, మొదట మీ రోడ్లను మాకు తగినట్లు మార్చుకొనుడనుట నిర్మాతకు శోభింపదు. ఈ విషయమున హైదరాబాదు ట్రిపుల్ ఐటీవారు చేసిన పని నాకు మిక్కిలి గౌరవపాత్రమైనదిగా తోచును. ఆ సంస్థ పాలకమండలికిని తొలి అధ్యక్షులు రాజ్ రెడ్డిగారే. అచటి పరిశోధకులు హైదరాబాదు, బెంగుళూరు పరిసరములలో 182 ప్రయాణములందు సేకరించిన దృశ్యములనుండి సుమారు 10,000 చిత్రములను ఏరి, ఒక్కొక్క చిత్రమందలి ప్రతి భాగమును 34 తరగతులుగా గుర్తించి, ఎల్లరకును అందునట్లు ప్రకటించిరి. అందు ఆటోరిక్షా కొక తరగతి యున్నది, జంతువుల కొక తరగతి యున్నది. తారు దాటి ప్రక్కనున్న మట్టిలో బండి దిగుటకు వీలైన చోటునకును వేఱుగా గుర్తున్నది. ఐరోపా వీధుల చిత్రములపై పెరిగిన యంత్రములకు ఈ మట్టియంచు జ్ఞానము లేదు. మనకో, ఎదురు లారీ వచ్చినపుడు ప్రాణము కాచునది ఆ మట్టియంచే.

ఇక విశ్వాసమును గూర్చి. ఆంధ్ర మహాభారతపు అరణ్యపర్వమున నలోపాఖ్యానము చదివినవారికి ఒక ఘట్టము జ్ఞాపకముండును. బాహుకుడను పేర దాగియున్న నలుడు ఋతుపర్ణమహారాజును రథముపై విదర్భకు తీసికొనిపోవుచున్నాడు. అశ్వహృదయ మెఱిగిన సారథి నలుడు. అక్షహృదయ మెఱిగినవాడు, అనగా పాచికల, సంఖ్యల మర్మము తెలిసినవాడు ఋతుపర్ణుడు. దారిప్రక్క తాండ్రచెట్టు నొకదానిని చూపి, రాజు దాని యాకులను కాయలను ఎంచకయే వాటి లెక్క చెప్పెను. రాజునకు విదర్భ చేరుటకు తొందర యున్నది. అయినను నలుడు రథమాపి, చెట్టు కూల్చి, కాయలెంచి, లెక్క సరిపోయిన పిదపగాని ఆ విద్యను నమ్మలేదు. పిమ్మట ఇరువురును తమ విద్యలను ఇచ్చిపుచ్చుకొనిరి. నేటి చోదకరహితశకటమున ఈ రెండు విద్యలును కలిసినవి. నడుపుట యంతయు సంభావ్యతాగణితముగా మారినది. కావున నమ్మదలచినవానికి రథము నాపి యెంచు హక్కు ఉండవలెను. తొందరలో నున్నది సంస్థ; దారిని పోవు ప్రజకు తొందర లేదు.

ఎంచుట మాత్రము సులభమా? 2016లో అమెరికాలోని రాండ్ సంస్థ పరిశోధకులు లెక్కకట్టి చూపిన దేమనగా, యంత్రము ప్రాణహానివిషయమున మనుష్యునికంటె తక్కువ కాదని నూటికి 95 పాళ్ళు నిశ్చయముగా చెప్పుటకు, ఒక్క మరణమును లేక 27.5 కోట్ల మైళ్ళు నడచి చూపవలెను. నూరు బండ్లు రేయింబవళ్ళు తిరిగినను దానికి పండ్రెండున్నర యేండ్లు పట్టును. గూగుల్ ప్రయత్నమునుండి పుట్టిన వేమో సంస్థవారు 5.67 కోట్ల మైళ్ళ ప్రయాణముల ఫలితములను 2025లో శాస్త్రపత్రికయందు ప్రకటించిరి. గాయపరచు ప్రమాదములు మనుష్యుల నడపకములో కంటె మిక్కిలి తక్కువయని అందు చూపిరి. ఇది హర్షింపదగిన ఫలితము, ప్రకటించుట ప్రశంసింపదగిన నడవడి. అయినను లెక్కించినవారు ఆ సంస్థ పరిశోధకులే. తిరిగిన వీధులు నాలుగు అమెరికా నగరముల వీధులే. నలుడు తానే చెట్టు దగ్గఱకు పోయి యెంచినట్లు ఇతరు లెంచవలసియున్నది.

ఎంచనీయనిచో నేమగునో రెండు దుర్ఘటనలు చాటుచున్నవి. 2018 మార్చి 18న ఆరిజోనాలోని టెంపీ పట్టణమున, రాత్రివేళ సైకిలు నెట్టుకొనుచు రోడ్డు దాటుచున్న ఒక స్త్రీని ఊబర్‌వారి పరీక్షవాహనము గ్రుద్ది చంపెను. యంత్రము ఆమెను 5.6 సెకనులకు ముందే పసిగట్టినది. కాని వాహనమని యొకమాఱు, సైకిలని యొకమాఱు తలపోసి కాలము వృథచేసినది. గీతలు లేనిచోట మనుష్యుడు రోడ్డు దాటునన్న భావనయే దానికి నేర్పబడలేదని పిదప జరిగిన ప్రభుత్వవిచారణలో తేలెను. సభాసదులారా, గీతలున్నచోట మాత్రమే రోడ్డు దాటు ఊరు మన జిల్లాలో నొక్కటి చూపుడు! తరువాత జరిగినది ఇంకను బాధాకరము. సంస్థపై నేరము మోపుటకు ఆధారము లేదని ప్రభుత్వపక్షపు న్యాయవాదులు నిర్ణయించిరి. బండిలో కాపలాగా కూర్చుండబెట్టిన కూలిమనిషి, ఆ సమయమున ఫోను చూచుచుండుటచేత, నేరస్థురాలయ్యెను. 2023 అక్టోబరు 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో, వేఱొక కారు తగిలి పడిన పాదచారిని క్రూజ్ సంస్థ బండి సుమారు 20 అడుగులు ఈడ్చుకొనిపోయెను. ఆ యీడ్చిన సంగతిని అధికారులకు దాచకుండ తెలుపలేదన్న కారణమున దాని యనుమతి నిలిపివేయబడెను. మఱుసటి సంవత్సరాంతమునకు దాని యజమానియైన జనరల్ మోటార్స్ ఆ వ్యాపారమునే మానుకొనెను. యంత్రదోషముకంటె ఆ దాపరికమే దాని ప్రాణము తీసినదని నేనందును.

ఇందునుండి నా తీర్పు. సంస్థలు ఈ కారును నిర్మింపవచ్చును, నిర్మింపవలెను. కాని డ్రైవరు స్థానమును తీసికొన్నవారు డ్రైవరు పూచీని పూర్తిగా తలకెత్తుకొనవలెను. మన 1988 మోటారువాహనముల చట్టము లైసెన్సు పొందిన మనుష్యుని తలచి వ్రాసినది. 2019 సవరణతో వచ్చిన 164వ సెక్షను, తప్పెవరిదని నిరూపింపనక్కఱలేకయే మృతుని కుటుంబమునకు 5 లక్షల రూపాయలు వాహనయజమానియో, బీమావారో ఇయ్యవలెనని చెప్పుచున్నది. యజమాని, బీమావాడు కనబడుచున్నారు. బండిని నిజముగా నడపిన సంస్థ కనబడదు. బ్రిటనువారు 2024 మే నెలలో చేసిన చట్టము ఈ లోపమును గుర్తించి, అనుమతి పొందిన సంస్థయే నడపకమునకు జవాబుదారి యనియు, లోపల కూర్చున్నవానిని ఆ తప్పులకు శిక్షింపరాదనియు నిర్ణయించెను. అమెరికాలో 2021 జూను ఉత్తరువు ప్రకారము ఇట్టి బండ్ల ప్రమాదములను ప్రభుత్వమునకు తెలుపక తప్పదు. ఈ రెండును మన చట్టమున చేరువరకు, మన బజారులో ఏ సంస్థకును ఈ పరీక్షలకు తావీయరాదు. రోడ్డుపై నడచువాడు ఆ పరీక్షకు ఒప్పుకొని సంతకము చేసినవాడు కాడు.

జీవనోపాధి మాట మిగిలినది. కేంద్రరవాణామంత్రి నితిన్ గడ్కరీగారు 2017లోను, మరల 2023 డిసెంబరులోను, లక్షలమంది డ్రైవర్ల పనులు పోవును గనుక ఇట్టి కార్లను దేశమునకు రానీయనని చెప్పిరి. ఆ మాటలోని దయను నేను ఆదరింతును. మన జిల్లానుండి కువైటునకు పోయి పరుల యిండ్లలో డ్రైవర్లుగా పనిచేయుచు, ఇచట చెల్లెండ్ర పెండ్లిండ్లు చేసినవారు, ఇండ్లు కట్టినవారు మీ ప్రతి పల్లెలోను నున్నారు. స్టీరింగు పట్టుట ఈ కరవుసీమలో వాన కురియకున్నను పండు పంట. కాని నిషేధముతో ఈ విషయము ముగియదు. చీనీలోడు కుళ్ళకముందే ఉత్తరదేశపు మార్కెటు చేరవలెనని రెండు రాత్రులు కన్ను మూయక నడపి, మూడవ రాత్రి ఆగియున్న లారీవెనుక భాగమును గ్రుద్దినవానికి మనమిచ్చిన ఉపాధి యెట్టిది? యంత్రము మొట్టమొదట అతని పనిని కాదు, అతని నిద్రలేమిని తీసికొనవలెను: కునుకుపట్టినపుడు బ్రేకు వేయవలెను, ఎదుట లైటులేక ఆగిన బండిని వానికంటె ముందు చూడవలెను. ఇట్టి సహాయకయంత్రములలో సంస్థలకు లాభము తక్కువ, చోదకరహితమన్న పేరులోని మెఱపును లేదు. కాని ప్రాణములు దక్కునది ఇందే.

పరీక్షకు తగిన విధమేదో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కఱలేదు. సంగారెడ్డి జిల్లా కంది వద్ద, హైదరాబాదు ఐ.ఐ.టి. ఆవరణలో, టైహాన్ అను పేర చోదకరహితవాహనముల పరీక్షాక్షేత్రము 2022 జూలైలో ప్రారంభమైనది. కేంద్ర శాస్త్రసాంకేతికశాఖ సుమారు 130 కోట్ల రూపాయలు దానికి మంజూరు చేసినది. ఆవరణలోపలనే, విద్యార్థులను అధ్యాపకులను గేటునుండి తరగతులకు చేర్చు చిన్న విద్యుత్‌బస్సులు 2025లో డ్రైవరు లేక నడవసాగినవి. తమ నేలపై, తమవారిని ఎక్కించుకొని, తమ కన్నులయెదుట నడపుట! సంస్థలు అనుసరింపవలసిన క్రమమిదియే.

మన జిల్లాలో ఈ విద్యను ప్రయోగింపదలచు సంస్థ ఏదైనను వచ్చినచో దానిని తిప్పి పంపవలదు. మొదట గనికిని సిమెంటు ఫ్యాక్టరీకిని నడుమ, బయటివారు త్రొక్కని కంచెలోపలి దారులలో, పగటివేళ నడపనిండు. ఆ నడపకమును కనిపెట్టి చూచువారును మన జిల్లాలోనే యున్నారు. ఇడుపులపాయలో ప్రాంగణము గల రాజీవ్‌గాంధీ సాంకేతిక విశ్వవిద్యాలయము 2008లో ఏర్పడినది. దానికి రాజ్ రెడ్డిగారు ఛాన్సలరుగా నుండిరి. పల్లెటూళ్ళనుండి వచ్చి అచట చదువు పిల్లలకు కొర్రకంకుల రోడ్డు తెలియును, గొఱ్ఱెలమంద ఎటు తిరుగునో తెలియును. కంపెనీవారి జీతగాండ్రు గాక ఆ పిల్లలు బండిచెంత నిలిచి, అది ఎన్ని మైళ్ళు తిరిగెనో, ఎన్నిమాఱులు మనుష్యుని చేయి అడిగెనో, దేనిని చూచి దేనిగా భ్రమించెనో వ్రాసికొనవలెను. ఆ లెక్కను నెలనెల తెలుగున అచ్చువేసి, జమ్మలమడుగు ఆర్డీఓ కార్యాలయపు నోటీసుబోర్డుమీదను, ప్రొద్దుటూరు, పులివెందుల లారీస్టాండులలోను అంటింపవలెను. దానిని చదివి డ్రైవర్లు అడుగు ప్రశ్నలకు సంస్థ పేరుతో సంతకముచేసిన జవాబు మరునెల ప్రక్కనే అంటింపబడవలెను.